బొమ్మలో పడని మాట

అధ్యక్షత వహిస్తున్న మా డైరెక్టరు గారికి, వేదిక మీద ఉన్న పెద్దలకు, ముందు వరసలో కూర్చుని ఇప్పటికే రెండోసారి గడియారం చూసుకున్న మా బొమ్మల మాస్టారికి, నాతో పనిచేసినవాళ్లకు, నాతో పడలేక వేరే విభాగానికి మారిపోయి కూడా ఇవాళ పెద్దమనసుతో వచ్చినవాళ్లకు, విద్యార్థులకు, ఎలుకల గదికి ఈ ఒక్క పూటా తాళం వేసి వచ్చిన మిత్రులకు, అందరికీ నమస్కారం.

నిలబడి మాట్లాడటం సభా మర్యాద అని నాకు తెలుసు. నా మోకాళ్లకు తెలియదు. అందుకని కూర్చునే మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. ఇంతసేపూ మీరు నా గురించి చెప్పినవన్నీ విన్నాను. ఆవిడెవరో గానీ అలుపన్నదే ఎరగదట, ఎవరి మీదా విసుక్కోలేదట. (నవ్వులు) మా పరిశోధక విద్యార్థులు అందరికన్నా గట్టిగా నవ్వుతున్నారు, చూస్తూనే ఉన్నాను. ఉన్నమాట చెప్పాలంటే నేను అలిసిపోయాను. ఇది ఇవాళో నిన్నో వచ్చిన అలసట కాదు. చాలా ఏళ్లుగా ఉన్నదే. ఉద్యోగం ఉంది గనక దానికి ఓ కుర్చీ వేసి పక్కన కూర్చోబెట్టి నా పని నేను చేసుకుంటూ వచ్చాను. ఇక దాచుకోవలసిన అవసరం లేదు.

ఇందాక మెట్ల దగ్గర అకౌంట్సు విభాగం అమ్మాయి ఆపి, "ఇన్నేళ్లూ ఆ తలుపు వెనకాల ఏం చేశారో ఇవాళైనా చెప్పండి మేడం, ఆ మోతకి మా సెక్షన్లో ఫోన్లు కూడా వినపడవు" అంది. న్యాయమైన ప్రశ్న. అమ్మాయి ఎక్కడ కూర్చుంది? ఆ, వెనకాల. నీకే చెబుతున్నానమ్మా, మిగతావాళ్లు కాస్త ఓపిక పట్టండి.

మెదడులోని కణాలు ఒకదానితో ఒకటి కరెంటుతో మాట్లాడుకుంటాయి. చాలా చిన్న కరెంటు, చాలా వేగం. రెప్ప పడేలోగా వంద కబుర్లు అయిపోతాయి. సన్నటి తీగ దగ్గరగా పెడితే ఆ కబుర్లు వినవచ్చు. నా పని అది. మెదడులో ఏ చోట పని ఎక్కువగా జరిగితే అక్కడికి కాసేపటికి రక్తం ఎక్కువగా వెళుతుంది. ఆ రక్తాన్ని పెద్ద అయస్కాంతంతో, తల తెరవకుండానే, బొమ్మ తీయవచ్చు. ఫంక్షనల్ ఎమ్మారై అంటారు. మా మాస్టారి పని అది. పేపర్లలో మీరు చూస్తారే, ఎర్రగా పచ్చగా వెలిగే మెదడు బొమ్మలు, ‘ప్రేమ ఇక్కడుంది, భయం అక్కడుంది’ అని రాస్తారే, అవన్నీ నిజానికి రక్తం బొమ్మలు. ఈ ఆఫీసులో టీ ట్రే ఏ గదిలోకి వెళ్లిందో చూసి, ఆ గదిలో మీటింగు జరుగుతోందని చెప్పటంలాంటిది. చాలాసార్లు నిజమే అవుతుంది. (నవ్వులు) కానీ మీటింగు జరుగుతున్నా టీ రాని గదులుంటాయి. మా అకౌంట్సు వాళ్లకు తెలుసు.

టీకీ మీటింగుకీ ఉన్న సంబంధం ఏమిటి, అది ఎంత గట్టిది, ఎప్పుడు తెగుతుంది? మనుషుల తలల్లో తీగలు పెట్టి చూడలేం గనక ఎలుకల్లో చూశాం. అయస్కాంతంలో ఎలుకను పడుకోబెట్టి, అదే సమయంలో కరెంటూ వినాలి, రక్తమూ చూడాలి. నా ఉద్యోగమంతా ఆ ఒక్క వాక్యమే.

వాక్యం చిన్నదే. చెయ్యబోతే తెలిసింది. అయస్కాంతానికి ఇనుమంటే ఎంత ప్రేమో కొత్తలో మాకు తెలియదు. ఒకరోజు మాస్టారి తాళాల గుత్తి జేబులోంచి లేచి, గాల్లో వెళ్లి, ఆ మిషను సొరంగానికి అంటుకుంది. ఆయన ఇంటి తాళం కూడా అందులోనే ఉండటంతో సాయంత్రం వాళ్లావిడ గుమ్మం బయట నిలబడాల్సి వచ్చింది. నా తీగలు వెండివి. అయస్కాంతం వాటిని లాగదు గానీ, తీగ ఉన్నచోట బొమ్మలో నల్లటి గొయ్యి పడేది. సరిగ్గా ఏ చోటు చూడాలో ఆ చోటే కనబడేది కాదు. మాస్టారు మా రెండు గదుల మధ్య కిటికీలోంచి తల పెట్టి, "తీగలమ్మ గారూ, మీ తీగ మళ్లీ నా బొమ్మలో బావి తవ్వింది, వచ్చి చూసుకోండి" అని అరిచేవారు. నాకు ఆ పేరు అలా వచ్చింది. నేనూ ఊరుకోలేదు. ఆయన మిషను తిరగటం మొదలుపెడితే ఆ మోతంతా నా తీగల్లోకి ఎక్కేది, ఎలుక మెదడు చేసే చప్పుడుకన్నా వేలరెట్లు పెద్దదిగా. "మాస్టారూ, మీ పిండిమర ఆపితే నా ఎలుక ఏమంటోందో వింటాను" అనేదాన్ని. "ఆపితే బొమ్మ ఎలా వస్తుందండీ?" "ఆపకపోతే మాట ఎలా వినబడుతుందండీ?" కొన్నేళ్లు ఇదే సంభాషణ. ఇప్పుడు నవ్వుతున్నారు గానీ ఆ రోజుల్లో మా ఇద్దరి మధ్యకు రావటానికి డైరెక్టరు గారి ముందటి డైరెక్టరు గారు భయపడేవారు.

చివరికి తీగలు మార్చాం. లోహం మానేసి, వెంట్రుకలో సగం మందమైనా లేని కార్బన్ దారాలు తెచ్చుకున్నాం. గొయ్యి పడలేదు. మిషను మోతకు ఒక లయ ఉంటుంది గనక, ఆ లయను కొలిచి, కంప్యూటరులో తీసివేయటం నేర్చుకున్నాం. ఆ తరవాత ఒక మధ్యాహ్నం, మత్తులో పడుకున్న ఎలుక ముందుకాలికి చీమ కుట్టినంత కరెంటు తగిలించాం. నా తెర మీద గీత టక్కున లేచింది. మేమిద్దరం ఆయన తెర వైపు తిరిగాం. కొన్ని క్షణాలు గడిచాక, తీరుబడిగా, ఆయన బొమ్మలో సరిగ్గా అదే చోట ఒక మచ్చ వెలిగింది. మళ్లీ తగిలించాం. గీత, తరవాత మచ్చ. మళ్లీ. గీత, మచ్చ. మాస్టారు లేచి వెళ్లి రెండు కాఫీలు పట్టుకొచ్చారు. మా ఉద్యోగంలో మా ఇద్దరికీ మాటల్లేని సంతోషం అదొక్కటే అనుకుంటాను.

మంచినీళ్లు తాగుతాను, ఉండండి.

ఆ ఎలుకల గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ప్రయోగం అయ్యాక వాటిని తిరిగి గూటికి పంపే పద్ధతి లేదు. నియమాలున్నాయి, పర్యవేక్షక సంఘం ఉంది, నొప్పి తెలియకుండా చేస్తాం, అవన్నీ నిజమే. కానీ పొద్దున్న నా అరచేతిలో మీసాలు కదుపుతూ కూర్చున్నది సాయంత్రానికి ఉండదు. కొత్తలో అలవాటవుతుందనుకున్నాను. నాకు అలవాటు కాలేదు. ఏళ్లు గడిచేకొద్దీ మత్తుమందు వాసన తగలగానే భుజాలు బరువెక్కటం మొదలైంది. నా అలసటలో సగం అదే. ఇది సభలో చెప్పే విషయం కాదని మీరనుకోవచ్చు. ఎక్కడ చెప్పాలో నాకు తెలియక ఇక్కడ చెబుతున్నాను.

ఇక గొడవ సంగతి. మాస్టారిని ముందే అడిగాను, "ఇది చెప్పమంటారా?" అని. "చెప్పండి, కానీ నన్ను మరీ మంచివాణ్ణి చెయ్యకండి" అన్నారు. మాట తప్పను మాస్టారూ. (నవ్వులు)

మా దగ్గర ఒక విద్యార్థిని ఉండేది. మేమందరం చిన్న డాక్టరమ్మ అనేవాళ్లం. ఆ పక్కన కూర్చుని తల దించుకుంది చూడండి, ఇప్పుడు పెద్ద ఆస్పత్రిలో నరాల డాక్టరు. ఆ అమ్మాయికి ఒక ఆలోచన వచ్చింది. ముసలితనంలో చాలామందికి మెడలో రక్తనాళాలు సన్నబడతాయి కదా, అలాంటివాళ్లలో కూడా గీత వెనకాల మచ్చ వస్తుందా? మెడనాళం సన్నబడిన ఎలుకల్లో చూద్దాం అంది. చూశాం. కాలికి తగిలించగానే గీత లేచింది, ఎప్పటిలాగే, కొంచెం నీరసంగా. బొమ్మ మాత్రం వెలగలేదు. ఎంతసేపు చూసినా చీకటే. ఎందుకంటే రక్తం చాలక ఆ ఎలుక నాళాలు అప్పటికే తెరుచుకోగలిగినంతా తెరుచుకుని ఉన్నాయి. మెదడు ‘ఇంకా కావాలి’ అని అడిగినా ఇంకా తెరుచుకోవటానికి చోటు లేదు. కణాలు పనిచేస్తున్నాయి, మాట్లాడుకుంటున్నాయి. బొమ్మ మాత్రం అక్కడ ఎవరూ లేరంటోంది.

మాస్టారు ఒప్పుకోలేదు. "తల మీద పెట్టే కాయిల్ వదులైందండీ, చూసుకోండి" అన్నారు. బిగించాం. చీకటే. "మత్తు ఎక్కువైంది." తగ్గించాం. చీకటే. "ఎలుక మంచిది కాదు." దానికి మాత్రం నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎలుక ఏం పాపం చేసిందండీ? మీ బొమ్మకి నచ్చినట్టు చచ్చిపోలేదనా?" అన్నాను.

"నా బొమ్మ అబద్ధం చెప్పదు" అన్నారాయన.

"అబద్ధం చెబుతోందని ఎవరన్నారు? దానికి తెలియనిది దానికి తెలియదంటున్నాను."

"అయితే ఇన్నాళ్లూ మనం చేసిందేమిటండీ?"

ఆ ప్రశ్న ఆయన కోపంతో అడగలేదు. అది నాకు ఆ రోజు అర్థం కాలేదు. తన యవ్వనమంతా ఆ బొమ్మలకు ఇచ్చిన మనిషి, కిటికీ అవతల నిలబడి, నిజంగా తెలుసుకోవాలని అడిగారు. నేను తలుపేసుకుని వెళ్లిపోయాను. ఆ ఫలితం మీద ఆయన సంతకం పెట్టనన్నారు. నేనూ చిన్న డాక్టరమ్మా మా ఇద్దరి పేర్లతోనే అచ్చు వేయించుకున్నాం. ఎవరూ పెద్దగా చదవలేదనుకోండి. ఆ తరవాత మాస్టారూ నేనూ ఒకే వసారాలో ఎదురుపడి, గోడకున్న నోటీసులు చదువుకుంటూ దాటిపోయేవాళ్లం. చాలాకాలం అలా గడిచింది.

ఆ రోజుల్లోనే ఒకసారి మాస్టారి భార్య మా విభాగానికి వచ్చింది. పిల్లల బడికి హెడ్మాస్టరు ఆవిడ. మైదానం చివరన ఉన్న పిల్లాడిక్కూడా మైకు లేకుండా వినబడే గొంతు. నేను అక్కా అని పిలిచేదాన్ని. మా ఇద్దరి గదులకూ మధ్య వసారాలో నిలబడి, "ఇంత చదువుకుని ఇదేం ఖర్మమే! పెద్దవాళ్లిద్దరూ ఓ ఎలుక మీద అలిగి కూర్చున్నారా?" అంది. రెండు గదుల్లోనూ మా విద్యార్థులు నవ్వు ఆపుకోలేక కిందకి వంగిపోయారు. మేమిద్దరం మాత్రం బయటికి రాలేదు.

మాస్టారు నాకన్నా ముందు రిటైరయ్యారు. ఆ సభకి నేను వెళ్లాను, వెనక వరసలో కూర్చున్నాను, పలకరించకుండా వచ్చేశాను.

ఆ మరుసటి సంవత్సరం అక్కకి పక్షవాతం వచ్చింది. బళ్లో పిల్లలతో మాట్లాడుతూ మాట్లాడుతూ పడిపోయిందట. మెడలో ఎడమనాళం మూసుకుపోయింది. కుడిది కూడా చాలావరకు సన్నబడి ఉంది. మొదట ఊపిరి యంత్రం పెట్టారు. తరవాత అది తీశారు. కళ్లు తెరిచింది గానీ ఎవరినీ చూడదు, పిలిస్తే పలకదు, చెయ్యి నొక్కమంటే నొక్కదు. వారాలు గడిచాయి. నేను రెండుసార్లు వెళ్లి వాళ్లమ్మాయిని పలకరించి వచ్చాను. మాస్టారు నన్ను చూసి తల ఊపేవారు, అంతే.

ఒకరోజు మధ్యాహ్నం మాస్టారు నా గదికి వచ్చారు. కిటికీలోంచి కాదు, గుమ్మంలోంచి. మనిషి సగమైపోయారు. చేతిలో పెద్ద కవరు. అందులోని ఫిల్ములు తీసి లైటు ముందు పెట్టారు.

"ఇది మా ఆవిడ తల" అన్నారు.

ఆస్పత్రివాళ్లు ఆవిణ్ణి స్కానరులో పడుకోబెట్టి, ఆయన గొంతు రికార్డు చేసి చెవుల్లో వినిపించి, మెదడులో ఎక్కడైనా వెలుగుతుందేమో చూశారు. ఎక్కడా వెలగలేదు.

"డాక్టర్లు చెబితే నేను నమ్మలేదు. నేనే కూర్చుని మొత్తం మళ్లీ లెక్క కట్టాను. ఏమీ లేదండీ. నా గొంతుకి ఏమీ లేదు" అన్నారు.

కుర్చీలో కూర్చోబెట్టాను. కాసేపటికి మిగతాది చెప్పారు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి ఊపిరి ఆడకపోతే మళ్లీ యంత్రం పెట్టాలా, వద్దా అని ఆస్పత్రివాళ్లు అడుగుతున్నారు. వద్దని రాసిస్తే బాధపెట్టకుండా పోనిస్తారు. వాళ్లమ్మాయి నిర్ణయం ఆయనకే వదిలేసింది. రేపు సంతకం పెడదామనుకుంటున్నారు. ఆ బొమ్మ వచ్చిన దగ్గరనుంచీ ఆవిడ గదిలో ఎవరూ ఆవిడతో మాట్లాడటం లేదనీ, ఆవిడ మంచం మీదుగా ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారనీ కూడా ఆయనే చెప్పారు. "నేనూ మానేశానండీ. ఎవరితో మాట్లాడను?" అన్నారు.

మీరంతా చదువుకున్నవాళ్లు, నా స్థానంలో ఉంటే వెంటనే చెప్పేవారేమో. నేను వెనకాడాను. నాకేం తెలుసు? నేను ఎలుకల కాళ్లకు కరెంటు తగిలించిన మనిషిని. నా ముందున్నది మనిషి తల, తెలిసిన మనిషి తల. నేనిప్పుడు ఒక మాట అంటే ఈయన దాన్ని పట్టుకుంటారు. రేపు అదీ చీకటే అని తేలితే ఈయన భార్యను రెండోసారి పోగొట్టుకుంటారు. అనకపోతే? అనకుండా ఉండిపోతే ఎలా ఉంటుందో కూడా ఆలోచించాను. రెండింట్లో ఏది తక్కువ తప్పో నాకు తేలలేదు. తేలకుండానే నోరు విప్పాను.

"మాస్టారూ, అక్కకి కుడివైపు నాళం కూడా సన్నబడిందన్నారు కదా?"

"అవును."

"అయితే రక్తం రాలేదని మాత్రమే తెలిసిందండీ. మాట చేరలేదని తెలియలేదు."

నేనేమంటున్నానో ఆయనకి అర్థమైంది. ఆ ఫలితం ఆయనకన్నా బాగా ఎవరికీ తెలియదు, దాన్ని తప్పని నిరూపించటానికి అంత కష్టపడ్డారు గనక.

"మీ ఎలుకలూ మా ఆవిడా ఒకటేనా?" అన్నారు చివరికి.

"కాకపోవచ్చు. నాకు తెలియదు. ఆశ పెట్టటానికి రాలేదు నేను, మీరే వచ్చారు. తల మీద తీగలు పెట్టి విందాం. ఏమీ లేకపోతే సంతకం పెట్టండి, నేనూ మీ పక్కనే కూర్చుంటాను."

"ఉంటే?"

"ఉంటే అప్పుడు ఆలోచిద్దాం."

చిన్న డాక్టరమ్మకి ఫోన్ చేశాను. ఆ అమ్మాయి పనిచేసే ఆస్పత్రే అది కావటం మా అదృష్టం. మర్నాడు పొద్దున్న అక్క తలకి తీగల టోపీ పెట్టింది. తల లోపలికి ఏమీ వెళ్లదు, పైపైనే. మాస్టారి గొంతుతో పేర్లు రికార్డు చేశాం. ఆవిడ పేరు, మధ్యమధ్య ఎవరెవరివో వేరే పేర్లు, ఒక వరసంటూ లేకుండా కలిపి, మళ్లీ మళ్లీ వినిపించాం. ఒక్కసారికి తెలియదు, చాలాసార్లు వినిపించి కూడి చూస్తేగానీ గీత తేలదు. అంతసేపూ ఆ గదిలో మాస్టారి గొంతు పెట్టెలోంచి పేర్లు పిలుస్తూనే ఉంది. ఆయన మాత్రం మూల స్టూలు మీద, నోరు మూసుకుని.

ఎడమవైపు ఏమీ రాలేదు. కుడివైపు మొదట గజిబిజి. చిన్న డాక్టరమ్మ కూడుతూ పోయింది. వేరే పేర్లకి గీత చదునుగా పడుకుంది. ఆవిడ సొంత పేరుకి మాత్రం, కాస్త ఆలస్యంగా, ఒక గూను లేచింది. మేం నమ్మలేదు. మళ్లీ మొదటినుంచీ చేశాం. మళ్లీ అదే చోట లేచింది.

మాస్టారు స్టూలు దగ్గరగా లాక్కుని తెర మీదకు వంగారు. నా గీతల్ని ఆయన అంత శ్రద్ధగా చూడటం అదే మొదటిసారి.

"ఏమిటండీ ఇది?" అన్నారు.

"విన్నది మాస్టారూ."

"విన్నదా, అర్థమైందా?"

"వేరే పేర్లకి లేవలేదు, తన పేరుకే లేచింది. అంతవరకే నాకు తెలుసు. మిగతాది నాకు తెలియదు."

ఆయన గీతనే చూస్తూ కూర్చున్నారు. తరవాత లేచి, మంచం దగ్గరకు వెళ్లి, పెట్టెలోంచి కాకుండా తన నోటితో, "ఏమోయ్, నేనే" అన్నారు. ఆవిడ కళ్లు కదల్లేదు. ముఖంలో ఏమీ లేదు. అయినా ఆయన ఆ మంచం పక్కనే కూర్చుని, ఇంట్లో కుళాయి కారుతోందనీ, అమ్మాయి సరిగ్గా తినటం లేదనీ, బడి నుంచి ఎవరెవరు వచ్చి వెళ్లారనీ చెబుతూనే ఉన్నారు. చిన్న డాక్టరమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. నేను తీగలు చుట్టుకుంటూ ఉండిపోయాను.

సంతకం పెట్టలేదు. నెమ్ము నిజంగానే చేరింది. యంత్రం మళ్లీ పెట్టారు, ఎన్నో రోజుల తరవాత తీశారు. నెలలు గడిచాక కదిలిందో లేదో తెలియనంత చిన్నగా ఎడమచేతి వేలు ఒకటి కదిలింది. ఆ తరవాత చూపు మనుషుల మీద నిలవటం, ఆ తరవాత మింగటం. మొదటి మాట రావటానికి ఇంకా చాలా కాలం పట్టింది. ఆ మాట ఏమిటని అందరూ అడుగుతారు. "ఆపు" అంది. మాస్టారు అప్పటికి ఆ కుళాయి గురించే ఎన్నోసారో చెబుతున్నారట. (నవ్వులు, చప్పట్లు)

మీరు చప్పట్లు కొట్టారు. కథ ఇక్కడ ఆపేస్తే బావుంటుంది, నాకూ తెలుసు. కానీ ఆ తరవాత సంగతి చెప్పకపోతే మిమ్మల్ని మోసం చేసినట్టవుతుంది.

అక్క ఇవాళ ఇంట్లో ఉంది. చక్రాల కుర్చీ. కుడి చెయ్యి రాదు. ఒక్కో మాటా వెతికి వెతికి తెచ్చుకోవాలి, ఆ గొంతున్న మనిషికి. కొన్ని రోజులు నన్ను చూడగానే నా చెయ్యి పట్టుకుని వదలదు. కొన్ని రోజులు, "ఎందుకు... వదిలెయ్యలేదు... నన్ను?" అంటుంది. ఆ రోజుల్లో నేను ఆ కుర్చీ పక్కనే కూర్చుంటాను. నేను చెప్పింది ఒక్కటే, లోపల మనిషి ఉంది అని. ఉన్న మనిషికి బతుకు ఎలా ఉంటుందో ఏ తీగా చెప్పదు, ఏ బొమ్మా చెప్పదు. మాస్టారి నడుం విరిగింది సేవ చేసి చేసి. చూడండి, నవ్వుతున్నారు గానీ ఆ నవ్వు వెనక ఎంత నిద్రలేమి ఉందో నాకు తెలుసు. గడియారం చూసుకునేది అందుకే, మందుల వేళ అవుతోంది. మీరు బయల్దేరండి మాస్టారూ, నేనేమీ అనుకోను. ...ఉంటానంటున్నారు. సరే.

ఆ తరవాత మేమిద్దరం చిన్న డాక్టరమ్మతో కలిసి మళ్లీ పని మొదలుపెట్టాం. రిటైరైన మనిషి, జీతం లేదు, కుర్చీ కూడా లేదు, నా స్టూలు మీద కూర్చుని. నాళాలు సన్నబడ్డ ఎలుకల్లో కరెంటూ రక్తమూ ఎప్పుడెప్పుడు విడిపోతాయో ఓపిగ్గా, ఏళ్లతరబడి రాసుకున్నాం. ఈసారి అచ్చులో మొదటి పేరు ఆయనది. ఇప్పుడు ఆ ఆస్పత్రిలో బొమ్మ చీకటిగా వస్తే, మెడనాళాలు చూసి, తీగలతో కూడా వినకుండా ఇంటివాళ్లకు ఏమీ చెప్పరు. అదొక్కటి జరిగింది. మిగతా చాలా ఆస్పత్రుల్లో ఇంకా జరగలేదు. నేను వెళ్లి చెప్పి, వాళ్లు తల ఊపి, నేను తిరిగొచ్చిన ఊళ్లు ఎన్నో ఉన్నాయి. అలిసిపోయానన్నది అందుకు కూడా.

విద్యార్థులారా, మీకు ఉపదేశాలు ఇష్టం ఉండవు, నాకూ ఓపిక లేదు. ఒక్క మాట. మీరు రేపు ఒక బొమ్మ చూపించి ‘ఇక్కడ ఏమీ లేదు’ అనబోయే ముందు, ‘ఈ బొమ్మకి ఏమీ కనబడలేదు’ అని చెప్పండి. రెండింటికీ తేడా మీకు చిన్నగా అనిపించవచ్చు. ఆ మాట వినేవాళ్లు కాయితం మీద సంతకం పెట్టబోతూ ఉండవచ్చు.

మా చెల్లెలు నాతోనే ఉంటుంది, ఆవిడ ఇవాళ రాలేదు. రాకపోవటమే మంచిదైంది, వచ్చి ఉంటే ఈపాటికి పక్కవాళ్లకి నా జాతకమంతా చెప్పేసేది. ఇల్లంతా మాటలే. మిషను మోతలోంచి ఇంటికొచ్చి, "ఒక్క గంట మాట్లాడకే తల్లీ" అని బతిమాలుకునేదాన్ని. పోయిన వారం అక్కని చూడటానికి వెళ్లినప్పుడు, "రిటైరయ్యి... ఏం చేస్తావే?" అని అడిగింది.

"పడుకుంటానక్కా. ఎవరూ మాట్లాడని చోటు చూసుకుని హాయిగా పడుకుంటాను" అన్నాను.

అక్క చాలాసేపు మాటలు వెతుక్కుంది. మాస్టారు అందించబోతే చెయ్యెత్తి ఆపింది. తరవాత చెప్పింది.

"ఆ చోటు... నేను చూశాను. వద్దు."

ఇంటికి వెళ్లాక మా చెల్లెలు పొరుగింటి సంగతులు మొదలుపెట్టింది. కుర్చీ దగ్గరకు లాక్కుని, మొత్తం విన్నాను.

అధ్యక్షుల వారికి, ఇంత మంచి సభ ఏర్పాటు చేసిన మిత్రులకు, నా విసుగునంతా భరించి పనిచేసిన పిల్లలకు, ఎలుకల గది వాళ్లకు, ఓపిగ్గా కూర్చున్న అకౌంట్సు అమ్మాయికి, తిరిగి నా గుమ్మంలోకి వచ్చిన మాస్టారికి, అందరికీ నా కృతజ్ఞతలు. చాలా అలిసిపోయాను, మీ మధ్య అలిసిపోయినందుకు విచారం లేదు. ఇక నన్ను ఇంటికి పోనివ్వండి. సెలవు.